సూది సగం దాటొద్దు!

ఇంజన్ శక్తి పెంచడానికి ఎంతైనా పోస్తాం. దాన్ని చల్లగా ఉంచే రేడియేటర్ దగ్గరికొచ్చేసరికి బేరమాడతాం. పదివేలు జేబులో పెట్టుకుని, ఒక్క రేడియేటర్ కోసం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల తిరిగితే ఏం తెలిసిందంటే...

మే నెల. మధ్యాహ్నం రెండు గంటలు. బయట 44 డిగ్రీలు. కొండగట్టు దాటాను. ఏసీ ఆపేసి, అద్దాలన్నీ దించేసి, కార్లో హీటర్ వేసుకుని కూర్చున్నాను!

పిచ్చి కాదు, గత్యంతరం లేక. మీటరులో సూది ‘హెచ్’ అనే ఎర్రగీత వైపు జరుగుతోంది. ఇంజన్‌ను చుట్టి వచ్చే వేడినీళ్లే హీటర్లోకీ వస్తాయి. అది ఒక బుల్లి రేడియేటర్. దాన్ని పూర్తిగా తిప్పితే ఇంజన్ వేడి కొంతైనా తగ్గుతుంది... మన ఒంటిమీదుగా. రోడ్డు పక్కన మామిడికాయల బండి దగ్గరున్న పెద్దాయన నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. నాకూ అలాగే ఊపాలనిపించింది.

కారు నాది కాదు. అదీ అసలు సమస్య.

మా బావది. కోరుట్ల ఆయనది. దుబాయ్‌లో పదిహేనేళ్లుగా డ్రైవరు. అక్కడ నడిపేది ఎవరివో బండ్లు. ఇక్కడ తనకంటూ ఉన్నది ఈ ఒక్క కారే. 2000ల మొదట్లో వచ్చిన జపాన్ కంపెనీ పెట్రోల్ సెడాన్. నూటికి పైగా గుర్రాల శక్తి, ఏడువేల ఆర్‌పీఎం దాకా పాడుకుంటూ పోయే ఇంజన్. ఆ రోజుల్లో కుర్రాళ్ల కలల బండి. సెకండ్‌హ్యాండ్‌లో కొని, వచ్చిన ప్రతి సెలవులో ఒక్కో ముచ్చట తీర్చుకున్నాడు. సైలెన్సర్ మార్పించాడు. గాలి ఫిల్టర్ మార్పించాడు. చక్రాలు మార్పించాడు. మార్చనిది ఒక్కటే... రేడియేటర్.

‘‘నడపకుంటే పాడైతది బామ్మర్దీ, నీ దగ్గర ఉంచుకో’’ అని తాళాలిచ్చి వెళ్లాడు. ఇంకో తొమ్మిది రోజుల్లో వస్తున్నాడు. 45 రోజుల సెలవు. రాగానే అక్కనూ పిల్లనూ తీసుకుని ఈ కార్లోనే వేములవాడ వెళ్లాలి. కోడె మొక్కు ఉంది. చల్‌గల్ మామిడి మార్కెట్ మీద రాయాల్సిన పని కూడా కలిసొచ్చిందని, బండిని కోరుట్లలో అప్పజెబుదామని హైదరాబాద్‌లో బయల్దేరాను.

గంగాధర దగ్గర మొదటిసారి ఆవిరి లేచింది. ఆగితే కింద చుక్కలు చుక్కలుగా ఆకుపచ్చ నీళ్లు. వెనక వస్తున్న మామిడి లారీ డ్రైవరు దిగి, తడిపిన గోనెసంచి వేసి మూత తిప్పాడు. ‘‘ఓ పసుపు ప్యాకెట్ తేపో సార్. లీకు బందయితది’’ అన్నాడు. పక్కన కిరాణాకొట్టు. యాభై గ్రాముల ప్యాకెట్. నేనే తెచ్చాను, నేనే పోశాను. నిజంగానే చుక్కలు ఆగాయి! పసుపు మహిమ గురించి ఓ వ్యాసం రాసేయొచ్చు అనుకున్నాను కూడా. ఆ సంబరం కొండగట్టు దాకే.

జగిత్యాల: చాచా నీళ్ల తొట్టి

జగిత్యాల బస్టాండు దాటి కొంచెం ముందుకెళ్తే ఓ రేకుల షెడ్డు. బయట గోడకానించి పాత లారీలవి, ట్రాక్టర్లవి, జనరేటర్లవి రేడియేటర్లు. ఇత్తడి తొట్లు, నల్లబడిన రాగి జాలీలు. లోపల సిమెంటు నీళ్ల తొట్టి, గాలి కంప్రెసరు, గ్యాసు దీపం. డెబ్బైకి దగ్గర్లో ఉన్న మేస్త్రీని అందరూ చాచా అంటున్నారు. నేనూ అన్నాను.

ఆయన బండివైపు చూడగానే అన్న మొదటి మాట: ‘‘మూత ముట్టకు బేటా. చాయ్ తాగు.’’

నలభై నిమిషాలు చాయ్‌లే తాగాం. మూతకింద నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి. మూతమీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది చూడండి, అది ఆ ఒత్తిడే. 1.1 మూత ఉంటే నీళ్లు వందకు కాదు, సుమారు 120 డిగ్రీలకు గానీ మరగవు. వేడిమీద మూత తీశామా, ఆ ఒత్తిడి ఒక్కసారిగా పోయి అంతా ఆవిరై మొహమ్మీదకు ఎగజిమ్ముతుంది. గంగాధరలో లారీ డ్రైవరుకు ఏమీ కాకపోవడం అతని అదృష్టం, నా అదృష్టం.

చల్లారాక చాచా మూత తీశాడు. వేలు ముంచి పైకెత్తాడు. పచ్చగా, ముద్దగా.

‘‘ఎవరు పోసిండ్రు పసుపు?’’

చెప్పక తప్పలేదు. ఆయన కోప్పడలేదు. ‘‘పాత లారీల రాగి గొట్టాలు పెద్దగ ఉంటుండె. పసుపు పోయి చిల్లుల కూసుంటుండె, నడుస్తుండె. గీ అల్యూమినియం గొట్టాలు సన్నగ. చిల్లు మూయక ముందే తొవ్వ మూస్తది’’ అన్నాడు. ఈ చుట్టుపక్కల, కోరుట్ల మెట్‌పల్లి దాకా, పసుపు పండించే నేల. ఇక్కడ పసుపును తప్పుపట్టడానికి ధైర్యం కావాలి. చాచాకు ఉంది.

ఇంతకీ రేడియేటర్ చేసే పనేమిటి? మనం పోసే పెట్రోలులోని శక్తిలో చక్రాలదాకా చేరేది మూడోవంతుకన్నా తక్కువే. ఇంచుమించు మరో మూడోవంతు పొగగొట్టంలోంచి పోతుంది. దాదాపు అంతే వేడి ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్లలోకి దిగుతుంది. ఆ నీళ్లను సన్నని గొట్టాల్లో పారించి, గొట్టాలమధ్య రెక్కలు పెట్టి, గాలికి ఆ వేడినంతా అప్పజెప్పేదే రేడియేటర్. అప్పజెప్పలేకపోతే ఇంజన్ తలభాగం వంకరపోతుంది, గ్యాస్కెట్ కాలిపోతుంది. పాత కారుకు ఆ పని చేయించేకన్నా తుక్కు కింద అమ్మడమే మేలన్న పరిస్థితి రావచ్చు.

చాచా ముందు ఆయిల్ పుల్ల తీసి చూశాడు. ఆయిల్‌లో నీళ్లు కలిసుంటే పాలుపోసిన చాయ్‌రంగు వస్తుందట. రాలేదు. ఇంజన్ ఆన్ చేయించి, మూత తీసిన నోట్లోకి చూశాడు. ఆగకుండా బుడగలు వస్తుంటే గ్యాస్కెట్ పోయినట్టు. అవీ లేవు. ‘‘ఖుదా నీ పక్కన ఉన్నడు’’ అన్నాడు. నాకు ఊపిరి అప్పుడొచ్చింది.

తర్వాత రేడియేటర్ ఊడదీసి తొట్టిలో ముంచి గాలి కొట్టాడు. పైన నల్లటి ప్లాస్టిక్ తొట్టికి, అల్యూమినియం జాలీకి కలిసేచోట ముత్యాల్లా బుడగలు. వెంట్రుకంత పగులు. ఏళ్లతరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి ఇలాగే పగులుతుంది.

‘‘ఇత్తడిదైతే పావుగంటల అతికిత్తు. ప్లాస్టిక్‌ను ఏం జెయ్యాలె?’’

పదిహేనేళ్ల వయసులో ఈ పనిలోకి వచ్చాడు చాచా. రాగి జాలీలు విప్పి, గొట్టాల్లోకి కమ్మీలు దూర్చి పాచి తీసి, సీసంతో మళ్లీ అతికించడం ఆయన విద్య. రాగి వేడిని అల్యూమినియంకన్నా ఒకటిన్నర రెట్లకు పైగా బాగా మోస్తుంది. మరి కార్లన్నీ 1980ల నుంచి అల్యూమినియం బాట ఎందుకు పట్టాయి? ఒకటి బరువు, రెండు ధర. మూడోది అతుకు. రాగి గొట్టానికీ రెక్కకూ మధ్య ఉండే సీసం, తగరం ఆ రాగి అంత బాగా వేడిని మోయలేవు. అల్యూమినియంలో గొట్టాలు వెడల్పుగా చేసి, రెక్కలతో సహా కొలిమిలో ఒకే ముద్దగా అతికించవచ్చు. అలా మంచి లోహం ఓడింది, చౌక లోహం గెలిచింది. చాచా విద్య కూడా దాంతోపాటే పక్కకు జరిగింది. కొడుకు ఈ పనిలోకి రాలేదు. ఇప్పుడు చేతినిండా పనుండేది యాసంగి కోతలప్పుడే. వడ్ల పొట్టుతో జాలీలు మూసుకుపోయిన హార్వెస్టర్లు, ట్రాక్టర్లు వరస కడతాయి.

‘‘తొమ్మిది వేలిస్తే రాగిది కట్టిస్త. నీ పిల్లల కాలం దాక ఉంటది’’ అన్నాడు. మనసు లాగింది. మళ్లీ ఆయనే, ‘‘కాని బరువైతది. నీ బండి బిగింపులకు సరిగ కూసోదు. వద్దులే. కొత్తది చూసుకో. అంతకుముందు ఎందుకు ఉడికిందో చూసుకో. లీకు ఒక్కటే కాదనిపిస్తంది నాకు’’ అన్నాడు. చేతికొచ్చిన బేరాన్ని తనే వదులుకున్న వ్యాపారిని చాలా రోజుల తర్వాత చూశాను.

పసుపు కడిగి, పగులుకు ఎం-సీల్ పూసి, ‘‘రాత్రంతా ఆరనియ్యి. పొద్దుగాల ఐదింటికి పో. యాభై దాటకు’’ అని సాగనంపాడు. సాయంత్రం కోటవైపు నడిచాను. 1747 నాటి కోట, నక్షత్రం ఆకారం, చుట్టూ లోతైన కందకం. జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజినీర్లు కట్టారని, ఆ పేర్లే కలిసి జగిత్యాల అయ్యిందని ఊళ్లో చెప్పుకొంటారు. కందకం అంచున నిలబడితే, ఆ రోజు నా బుర్రకు తట్టింది ఒక్కటే... కాపాడాల్సింది లోపలుంటే, దాని చుట్టూ నీళ్లుండాలి!

కోరుట్ల: షార్జా చూసొచ్చిన చేతులు

జగిత్యాల నుంచి కోరుట్ల పాతిక కిలోమీటర్లలోపే. 63వ నంబరు జాతీయ రహదారి మీద తెల్లవారుజామున యాభైలో వెళ్తుంటే ఆర్టీసీ బస్సులే కాదు, పాల బండ్లూ నన్ను దాటిపోయాయి. సూదిమీంచి కళ్లు తియ్యలేదు. ఇంటిముందు ఆపేసరికి అక్క గడపలో ఉంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు.

‘‘బండి మంచిగున్నదా?’’ ...నేను ఎలా ఉన్నానని అడగలేదు!

నిజం చెప్పేశాను. లోపలికెళ్లి బియ్యం డబ్బాలోంచి కవరు తెచ్చింది. పదివేలు. ‘‘గింతే. ఇంటి కిస్తీ పోంగ మిగిలింది. ఆయనకు తెల్వద్దు’’ అంది.

కోరుట్లలో ఏ వాడకెళ్లినా గల్ఫ్‌కు ఒక మనిషినైనా పంపని ఇల్లు కనబడడం కష్టం. వెళ్లినవాళ్లు డబ్బే కాదు, విద్యలూ తెచ్చారు. మెట్‌పల్లి రోడ్డులో ఓ మెకానిక్ ఉన్నాడని అక్కే చెప్పింది. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో పద్నాలుగేళ్లు పనిచేసి వచ్చాడు. ఎడారిలో పందేలు తోలే బండ్లకు రేడియేటర్లు బిగించిన చేతులవి.

నా ప్రశ్న సూటిగానే అడిగాను: ‘‘అన్నా, ఇది స్పీడు బండి. పదివేలలో దీనికి ఏ రేడియేటర్ వెయ్యాలి?’’

అతను కాగితం తీసుకుని నాలుగు గీతలు గీశాడు.

మొదటిది, తుక్కు మార్కెట్లో దొరికే పాతది. పదిహేను వందలు. ‘‘నీ దాని వయసే దానికీ ఉంటది. అదెప్పుడు పగులుతదో దానికే ఎరుక.’’

రెండోది, కంపెనీ ఇచ్చిన కొలతల్లోనే బయటి తయారీదారులు చేసేది. అల్యూమినియం జాలీ, ప్లాస్టిక్ తొట్టి. పేరున్న మనదేశపు కంపెనీలదైతే నాలుగున్నర, ఐదువేలు.

మూడోది, ఇంటర్నెట్‌లో ‘రేసింగ్’ అని మెరిసేది. మొత్తం అల్యూమినియమే, తొట్టి కూడా. రెండు వరసల గొట్టాలు. పద్నాలుగువేలు. తయారుచేసిందెవరో పెట్టెమీద ఉండదు.

నాలుగోది, మిషిమోటో, కోయో, సీఎస్‌ఎఫ్ లాంటి విదేశీ పేర్లు. పందేల బండ్లకు వేసేవి. ఇక్కడికి తెప్పించుకుంటే సుంకాలతో కలిపి ముప్ఫై, నలభైవేలు. ‘‘దుబాయ్‌ల షేకుల పోరగాండ్లు వేస్తరు. వాళ్లకు టర్బోలు ఉంటయ్, దినమంత ఇసుకల తోలుతరు. మీ బావ మార్చింది సైలెన్సరు, ఫిల్టరు. దాంతోని పెరిగింది సప్పుడు తమ్మీ, వేడి కాదు!’’

నవ్వొచ్చింది గానీ అందులో పెద్ద లెక్కే ఉంది. ఇంజన్ పుట్టించే వేడి పెరగనప్పుడు కంపెనీ లెక్కగట్టి పెట్టిన రేడియేటర్ కొలతే చాలు. అది కొత్తగా, శుభ్రంగా ఉండాలంతే. టర్బో బిగించినా, రేసు ట్రాకుమీద గంటలతరబడి తోలినా అప్పుడు మందం జాలీ మాట.

అయినా మూడోదాని మీద నా చూపు ఆగింది. అదే సమయానికి షెడ్డులో అలాంటిదే మెరుస్తోంది. ఎవరో డిగ్రీ కుర్రాడి బండి. కొత్త రేసింగ్ రేడియేటర్ వేయించాక కూడా ఉడుకుతోందట. ఎందుకు? కంపెనీ జాలీ మందం 16 మిల్లీమీటర్లు. ఇది 40. ఫ్యాను, దాని చుట్టూ ఉండే ప్లాస్టిక్ కవచం పట్టలేదు. కవచం తీసేసి ఫ్యానును తీగతో కట్టారు. కవచం ఉంటే ఫ్యాను జాలీ మొత్తం నుంచీ గాలి లాగుతుంది. లేకపోతే తన ఎదురుగా ఉన్న చక్రమంత మేరే. రోడ్డుమీద వేగంగా పోతే ఎదురుగాలి సర్దుబాటు చేస్తుంది. కోరుట్ల చౌరస్తాలో రెండు నిమిషాలు ఆగితే సూది లేస్తుంది. పద్నాలుగువేలు పోసి ఆ కుర్రాడు కొనుక్కున్నది మెరుపొక్కటే!

మా బండిని అతను అరగంట చూశాడు. చాచా అనుమానం నిజమే. ముద్దాయిలు ముగ్గురు తేలారు. హైదరాబాద్‌లో ఎవరో మెకానిక్ ‘వేడి తగ్గుతుంద’ని థర్మోస్టాట్ పీకేశాడు. నీళ్లు 80, 90 డిగ్రీలకు చేరేదాకా దారి మూసి, ఆ తర్వాత తెరిచే చిన్న తలుపది. అది లేకపోతే ఇంజన్ వేడెక్కాల్సినంత వేడెక్కక మైలేజీ పడిపోతుంది. అసలు జబ్బేమో అలాగే దాక్కుంటుంది. రెండోది, మూత రబ్బరు ఎండిపోయి ఒత్తిడి నిలవడం లేదు. మూడోది, ఫ్యాను మోటారు అరిగిపోయి సగం వేగంతో తిరుగుతోంది, కవచం విరిగి ఉంది.

‘‘రేడియేటర్ ఒక్కటే మార్చి పోయినవనుకో, వేములవాడ గుడి ముందు ట్రాఫిక్‌ల మళ్లీ ఉడుకుతది. అప్పుడు బండిల మీ అక్క, పిల్ల ఉంటరు’’ అన్నాడు. ఆ మాటతో మెరుపు దిగిపోయింది.

రెండోరకం రేడియేటర్ కరీంనగర్ నుంచి మర్నాటికి తెప్పిస్తానన్నాడు. చిక్కల్లా ఫ్యాను, కవచం దగ్గరే. ఆ మోడల్ రావడం ఆగిపోయి రెండు దశాబ్దాలు దాటింది. కొత్తది దొరకదు. ఆలోచించి, ‘‘సిరిసిల్లల ఒక పిల్లగాడు ఇదే బండి సామాను అమ్ముతుండు. అల్యూమినియం రేడియేటర్ గూడ ఉన్నదట, ఏడువేలకు. చూసి రాపో’’ అని ఫోన్ నంబరిచ్చాడు.

సిరిసిల్ల: పడుగు, పేక, గాలి

మర్నాడు బస్సెక్కాను. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ. కోతలైన పొలాల్లో గడ్డి మోపులు, ఎండకు తెల్లబడిన ఆకాశం. వేములవాడలో సగం బస్సు దిగిపోయింది. గుడిదారిలో వాహనాల బారు చూసి, ఫ్యాను గురించి మెకానిక్ అన్నది మళ్లీ గుర్తొచ్చింది. అక్కణ్నుంచి సిరిసిల్ల పది పన్నెండు కిలోమీటర్లు.

సిరిసిల్ల మరమగ్గాల వాడలో మనిషికంటే ముందు మగ్గం పలకరిస్తుంది. టకాటక్ టకాటక్... కొత్తవాడికి గోల. అక్కడి వాళ్లకు ఆ చప్పుడు ఆగితేనే గుండె జారుతుంది. ఆ చప్పుడు చాలాసార్లు ఆగింది కూడా. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలైనప్పుడు ఊరు ఊపిరి పీల్చుకుంది. 2024 మొదట్లో ఆర్డర్లు లేక మగ్గాలు నిలిచిపోయాయి. తర్వాత మహిళా సంఘాల చీరల పని వచ్చింది. నేను వెతుక్కుంటూ వెళ్లిన కుర్రాడి కారు పోయింది ఆ మధ్యలోనే.

పాతికేళ్లుంటాయి. తండ్రి మగ్గాల ఆసామి. పని బాగున్నప్పుడు మోజుపడి కారు కొన్నాడు, ఖరీదైన అల్యూమినియం రేడియేటర్ వేయించాడు. మగ్గాలు ఆగినప్పుడు కారు అమ్మేశాడు. కొన్నవాడికి కంపెనీ రేడియేటరే కావాలట. దాంతో ఇది మిగిలింది. మంచం కింద గుడ్డలో చుట్టి దాచాడు. విప్పాడు. వెండిలా ఉంది. ఏడువేలు. నా కవరులో సరిపోతుంది!

అతనికా డబ్బు అవసరం. కళ్లలో తెలుస్తూనే ఉంది. అయినా, ‘‘అన్నా, ఒకటి చెప్పాలె’’ అన్నాడు. కింద మూల దగ్గర వెల్డింగు ఒకసారి విడిస్తే అతికించారట. చెప్పకుండా ఉంటే నాకు తెలిసేదే కాదు.

అప్పుడే మగ్గం ఆపి వాళ్ల నాన్న వచ్చాడు. భుజంమీద తువ్వాలు, జుట్టునిండా నూలు నూగు. రేడియేటర్‌ను చేతిలోకి తీసుకుని వెలుతురుకు అడ్డంగా పట్టాడు. గుడ్డ నాణ్యం చూసేవాళ్లు అలాగే పడతారు.

‘‘చూడు బిడ్డా, వెలుతురు వస్తలేదు’’ అన్నాడు. నిజమే. గొట్టాలమధ్య రెక్కలు మరీ దగ్గర దగ్గరగా ఉన్నాయి. వాటిలో మా ఊళ్ల దుమ్ము, ఈ వాడల నూగు చిక్కుకుని సగం జాలీ మూసుకుపోయింది. ‘‘పోగులు దగ్గరకు పడితె గుడ్డ గట్టిగైతది. కాని గాలి ఆడది. ఎండకాలం కట్టుకునే బట్ట పల్చగ నేత్తం. బండికి గూడ గట్లనే గాదా?’’

రేడియేటర్ గురించి నేను విన్నవాటిలో అంత సులువుగా అర్థమైన పాఠం మరొకటి లేదు. అంగుళానికి ఎన్ని రెక్కలుంటే అంత చల్లదనం అని పెట్టెలమీద రాస్తారు. శుభ్రమైన ట్రాకుమీద అది నిజం కావచ్చు. వడ్ల పొట్టు, నూలు నూగు, మొరం దుమ్ము ఎగిరే మన రోడ్లమీద ఆ రెక్కలే వల అవుతాయి. గాలి ఆడని జాలీ ఎంత మందంగా ఉంటే ఏం లాభం?

‘‘ఫ్యాను ఉందా తమ్ముడూ?’’ అడిగాను. అటకమీంచి దించాడు. అసలు బండితో వచ్చిన ఫ్యాను, దాని కవచం. ఒక్క పగులు లేదు. ఇంట్లోని బ్యాటరీకి కలిపి చూపించాడు. గిర్రుమని తిరిగి మంచంమీది దినపత్రిక ఎగిరిపోయింది. పన్నెండు వందలు. బేరమాడలేదు. ఆడబుద్ధి కాలేదు.

లెక్క తేలింది

కోరుట్లలో మర్నాటి సాయంత్రానికి బిగింపు అయిపోయింది. రేడియేటర్ 4,600. థర్మోస్టాట్ 750. మూత 250. పైనా కిందా రబ్బరు గొట్టాలు 900. కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ 750. ఫ్యాను, కవచం 1,200. కూలి 800. మొత్తం 9,250. బోరునీళ్లు పోస్తే సున్నం పేరుకుంటుందని, బ్యాటరీల్లో పోసే నీళ్లే వాడాడు మెకానిక్. ఏసీ వేసి, బండిని నిలబెట్టి నలభై నిమిషాలు ఇంజన్ ఆడించాడు. సూది సగందాకా వచ్చి ఆగింది. ఫ్యాను తిరిగింది, ఆగింది. మళ్లీ తిరిగింది. సూది మాత్రం కదల్లేదు.

మిగిలిన 750 అక్కకిచ్చాను. లెక్కచూసి మళ్లీ బియ్యం డబ్బాలో పెట్టింది.

బావ వచ్చాడు. బ్యాగు దించకముందే బానెట్ లేపాడు. దాచడం మా వల్ల కాలేదు. ‘‘రేసింగుది వెయ్యకపోతివి బామ్మర్దీ?’’ అన్నాడు మొదట. అక్క కవరు గురించి చెప్పాక ఇంకేం అనలేదు. బానెట్ మెల్లగా మూశాడు.

వేములవాడ వెళ్లిన రోజు నేనూ ఉన్నాను. గుడిదారిలో వాహనాల బారు. ముప్పావుగంట కదల్లేదు. 43 డిగ్రీలు. వెనక సీట్లో ఏసీ గాలికి మేనకోడలు నిద్రపోయింది. బావ మాత్రం సూది వంకే చూస్తున్నాడు.

‘‘దుబాయ్‌ల జూన్ పదిహేను నుంచి సెప్టెంబర్ పదిహేను దాక, పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండల పని బంద్. చట్టం’’ అన్నాడు. ‘‘మనిషైతే ఎండల పడిపోతడని చట్టం చేసిండ్రు. దీనికెవ్వరు చేస్తరు? మనమే చూసుకోవాలె.’’

కాసేపాగి వెనక్కి తిరిగి నిద్రపోతున్న కూతుర్నీ, పక్కనే ఉన్న అక్కనూ చూశాడు. పదిహేనేళ్లుగా ఆ ఇంటి వేడినంతా తనే దూరంగా మోసుకెళ్తున్న మనిషి. సూది సగం దగ్గరే ఉంది.

కొనేముందు...

* ముందు కారణం, తర్వాత కొనుగోలు. మూత, థర్మోస్టాట్, ఫ్యాను, గొట్టాలు, గ్యాస్కెట్ చూపించాకే రేడియేటర్ మాట ఎత్తండి.

* ఇంజన్‌ను మార్చకపోతే కంపెనీ కొలతే చాలు. టర్బో బిగించినవాళ్లు, ట్రాకుమీద తోలేవాళ్లే మందం జాలీకి వెళ్లాలి.

* పాతదాన్ని పక్కన పెట్టి కొలవండి. ఎత్తు, వెడల్పు, మందం, గొట్టాల నోళ్లు, బిగింపు రంధ్రాలు సరిపోవాలి. ఫ్యాను కవచం పట్టకపోతే ఆ రేడియేటర్ మీది కాదు.

* ఆటోమేటిక్ గేరు బండ్లలో చాలావాటికి గేరు ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం రేడియేటర్ తొట్టిలోనే ఉంటుంది. కొనేటప్పుడు ఆ సంగతి చెప్పి అడగండి.

* మూతమీది అంకె బండి పుస్తకంలో ఉన్నదే ఉండాలి. ఎక్కువ అంకె మూత వేస్తే పాత గొట్టాలు పగలొచ్చు.

* కూలెంటూ, డిస్టిల్డ్ వాటరూ సగం సగం. వేర్వేరు రకాల కూలెంట్లు కలపొద్దు. బోరునీళ్లు వద్దు.

* ఏటా వేసవికి ముందు జాలీని ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టించి కడిగించండి. నీటిజోరు తక్కువ ఉండాలి. ఎక్కువైతే రెక్కలు వంగిపోతాయి.

* సూది లేస్తే ఏసీ ఆపి, హీటర్ వేసి, పక్కకు తీసి ఆపండి. చల్లారేదాకా మూత ముట్టుకోవద్దు.

* ఇక పసుపు... అది కూరలోకే!